ఫోన్ రేడియేషన్ తగ్గించుకోవడం ఎలా? తగ్గిందో లేదో చూసుకోవడం ఎలా?

ఫోను దిండు కింద పెట్టుకుని పడుకోవచ్చా? చొక్కా జేబులో ఉంటే గుండెకు ముప్పా? వెనక అతికించే స్టిక్కరు పనిచేస్తుందా? 5జీ వచ్చాక ప్రమాదం పెరిగిందా? పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పనులన్నీ ఒకచోట వరుసగా పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోను వాడటం వల్ల క్యాన్సర్ వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. అయినా ఒంటికి తగిలే తరంగాలను తగ్గించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, తప్పేమీ లేదు. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఫోనుకూ ఒంటికీ మధ్య దూరం, ఫోనుకు అందే సిగ్నల్, ఈ రెండింటి మీద దృష్టి పెడితే చాలావరకు పని అయిపోతుంది. జనం మాత్రం ఈ రెండింటినీ వదిలేసి స్టిక్కర్ల వెంట, లాకెట్ల వెంట పడుతున్నారు.

తెలుసుకోవలసినంత మేరకు

ఫోను వెలువరించేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రేల మాదిరిగా అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వీటికి లేదు. నిర్ధారణ అయిన ప్రభావం ఒక్కటే: శరీర కణజాలం కొద్దిగా వేడెక్కడం.

మరి ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సర్ అన్నదిగా, అని అడుగుతారు. ఆ సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మే నెలలో ఈ తరంగాలను 2బీ వర్గంలో చేర్చింది. 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది' అని ఆ వర్గానికి అర్థం. ఆధారాలు కొద్దిగానే ఉన్నాయి, అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము అనుకున్నవాటిని అందులో పెడతారు. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా ఆ వర్గంలోనే ఉంది. 13 దేశాల్లో జరిగిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. మొత్తం మీద ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అన్నీ కలిపి 1640 గంటలు, అంతకు మించి మాట్లాడామన్నవారిలో మాత్రం ఒకరకం మెదడు కణితి కాస్త ఎక్కువగా కనిపించింది. ఎన్ని గంటలు మాట్లాడారో జ్ఞాపకం మీద చెప్పిన లెక్క కాబట్టి దాన్ని నమ్మలేమని పరిశోధకులే రాశారు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వెలువడింది. ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్లకూ సంబంధం కనిపించలేదని అది తేల్చింది.

ఎలుకల ప్రయోగం సంగతేమిటంటారా? అమెరికాలో 2018లో తుది నివేదిక వచ్చిన ఆ ప్రయోగంలో ఎలుకల ఒళ్లంతటికీ రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్ల పాటు తరంగాలు తగిలించారు. మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయి. అవే మగ ఎలుకలు, తరంగాలు తగలని ఎలుకల కన్నా ఎక్కువ కాలం బతికాయి. ఈ రెండో మాట వార్తల్లో అంతగా వినిపించలేదు.

కావలసినవి

- మీ ఫోను, దాంతోపాటు ఇంకొక ఫోను
- తీగ ఉన్న ఇయర్‌ఫోన్ (తీగ లేనిదైనా పనికొస్తుంది, ఎందుకో కింద చెప్తాను)
- ఒక స్కేలు, కాగితం, పెన్ను
- చివరి పరీక్షకు సాయంగా ఇంట్లో ఇంకొక మనిషి, ఒక నాణెం, ఒక గుడ్డసంచి

రేడియేషన్ మీటరు కొనకండి. చవకరకం మీటర్లు ఏ తరంగాన్ని కొలుస్తున్నాయో వాటికే తెలియదు. ఫోను తరంగాలు అవసరాన్ని బట్టి క్షణక్షణం మారుతుంటాయి కూడా. తెరమీద అంకె ఎగిరిపడుతుంటే గుండె దడ తప్ప మిగిలేదేమీ ఉండదు.

1. మీ ఇంట్లో సిగ్నల్ ఎక్కడ బలహీనంగా ఉందో కనుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. సిగ్నల్ బాగుంటే ఫోను తన శక్తిని బాగా తగ్గించుకుంటుంది. సిగ్నల్ అందకపోతే దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు మనం గొంతు పెంచినట్టు అదీ తన శక్తిని పెంచుతుంది. అంటే ఒకే ఫోను, అదే మనిషి, అవే పది నిమిషాలు. కిటికీ పక్కన మాట్లాడితే ఒక లెక్క, లిఫ్టులో మాట్లాడితే మరొక లెక్క.

తెరమీది గీతలను నమ్మకండి. ఒక్కో కంపెనీ వాటిని ఒక్కో రకంగా గీస్తుంది. అసలు అంకె చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లోకి వెళ్లి, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే పరీక్ష తెర తెరుచుకుంటుంది. ఆ అంకెకు ముందు మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి చిన్నదిగా కనిపించేదే మంచిది. 4జీలో సుమారుగా మైనస్ 90, అంతకన్నా మెరుగ్గా ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటి కిందికి పోతే ఫోను అవస్థపడుతున్నట్టు.

ఇప్పుడు ఫోను పట్టుకుని గది గదికీ వెళ్లండి. ఒక్కోచోట అర నిమిషం ఆగి అంకె రాసుకోండి. పడకగది మూలలో మైనస్ 110, కిటికీ దగ్గర మైనస్ 90 అని వచ్చిందనుకోండి. తేడా ఇరవయ్యే కదా అనిపిస్తుంది. ఈ కొలతలో ప్రతి పదికీ బలం పది రెట్లు మారుతుంది. కాబట్టి కిటికీ దగ్గర అందుతున్న సిగ్నల్ వంద రెట్లు బలమైనది. నాలుగు అడుగులు నడిచినందుకు వచ్చిన లాభమది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, వెళ్లిన వెంటనే అంకె చూసి రాసేస్తారు. కొన్ని ఫోన్లలో అది మారడానికి కొన్ని క్షణాలు పడుతుంది. రెండు సిమ్ములుంటే ఏ సిమ్ముతో మాట్లాడతారో దాని అంకె చూస్తున్నారో లేదో సరిచూసుకోండి.

ఇల్లంతా సిగ్నల్ బలహీనమైతే వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మీ ఫోనులో, మీ నెట్‌వర్క్‌లో ఆ సదుపాయం ఉంటే సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. దూరపు టవరుతో కుస్తీ పట్టే బదులు పక్కనున్న రౌటరుతో మాట్లాడటం ఫోనుకు తేలిక. రేడియేషన్ భయంతో వైఫై కట్టేసి, సిగ్నల్ అందని గదిలో మొబైల్ డేటా మీద సినిమా చూస్తే జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

2. మాట్లాడేటప్పుడు ఫోనును తలకు దూరం చేయండి

చెవికి ఆనించిన ఫోనుకూ, ముప్పై సెంటీమీటర్ల దూరాన ఉన్న ఫోనుకూ మధ్య తలకు తగిలేదానిలో తేడా ఎన్నో రెట్లు. స్కేలుతో ఒకసారి కొలిచి చూడండి, ముప్పై సెంటీమీటర్లంటే ఎంతో చేతికి అలవాటవుతుంది. పద్ధతులు మూడు:

- స్పీకరు పెట్టి ఫోను బల్లమీద ఉంచండి. పక్కవాళ్లకు మీ సంసారం వినిపించినా ఫర్వాలేదనుకుంటేనే.
- తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోనును బల్లమీదో సంచిలోనో ఉంచండి. ఇయర్‌ఫోన్ చెవిలో, ఫోను ప్యాంటు జేబులో ఉంటే తలను తప్పించి తొడకు అంటగట్టినట్టే.
- తీగలేని బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా తరంగాలు వెలువరిస్తుంది. అయితే చాలావాటి శక్తి కొన్ని మిల్లీవాట్లే. ఫోను పూర్తి శక్తితో పనిచేస్తే 4జీలో సుమారు 200 మిల్లీవాట్ల దాకా వెళ్తుంది. కాబట్టి మార్చుకోవడంలో నష్టం లేదు.

కాల్ కలుస్తున్న సమయంలో, సిగ్నల్ కోసం వెతుకుతున్న సమయంలో ఫోను శక్తి పెంచే అవకాశం ఎక్కువ. అవతలివాళ్లు ఎత్తాకే చెవి దగ్గర పెట్టుకోండి. లిఫ్టులో, నేలమాళిగలో, కదిలే వాహనంలో ఉంటే సంక్షిప్త సందేశంతో సరిపెట్టుకుని, బయటికొచ్చాక మాట్లాడండి.

బండి నడుపుతుంటే ఇవేవీ వర్తించవు. ఇయర్‌ఫోన్‌తో అయినా సరే, మాట్లాడకండి. నడుపుతూ ఫోను వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోను వల్ల ప్రాణాలు పోతున్నాయన్న మాటకు గట్టి రుజువు ఉన్నది ఇక్కడే. రేడియేషన్ గురించి గంటలకొద్దీ వాదించేవారు కూడా స్టీరింగ్ ముందు కూర్చోగానే ఈ సంగతి మరిచిపోతారు.

3. జేబు, దిండు

రాత్రిపూట ఫోనును మంచానికి చేయి అందనంత దూరంలో పెట్టండి. అలారం కోసం దగ్గర ఉండాలంటే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, అలారం మోగుతుంది. దిండు కింద మాత్రం వద్దు. దానికి కారణం తరంగాల కన్నా బ్యాటరీయే. ఛార్జింగ్‌లో ఉన్న ఫోను పరుపులో కూరుకుపోతే వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాక వైఫై, బ్లూటూత్ ఆగాయో లేదో విడిగా చూడండి. గతంలో మీరు వాటిని ఆ మోడ్‌లో ఆన్ చేసి ఉంటే కొన్ని ఫోన్లు దాన్ని గుర్తుపెట్టుకుని అలాగే ఉంచేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లో, ఆసుపత్రిలో ఉన్నవాళ్లో అర్ధరాత్రి పిలవవలసి వచ్చే పరిస్థితి ఉంటే ఈ మోడ్ జోలికి పోకండి. ఫోను మోగేలా ఉంచి గదికి అవతలివైపు పెట్టండి.

ప్యాంటు జేబు విషయంలో మగవారు అడిగేది వీర్యకణాల గురించి. స్విట్జర్లాండ్ యువకులపై జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. రోజుకు ఇరవైసార్లకు మించి ఫోను వాడేవారిలో వీర్యకణాల సాంద్రత తక్కువగా కనిపించింది. ఫోను జేబులో పెట్టుకోవడానికీ దానికీ మాత్రం సంబంధం కనిపించలేదు. ఫోనే కారణమని ఇంకా తేలలేదు. అయినా బల్ల ముందు కూర్చున్నంతసేపూ ఫోను బల్లమీద ఉంటే పోయేదేమీ లేదు.

4. ఎస్‌ఏఆర్ అంకె చూడండి, కానీ దాన్ని పట్టుకుని వేలాడకండి

ఒక కిలో కణజాలం ఎన్ని వాట్ల శక్తిని పీల్చుకుంటుందో చెప్పే కొలత ఎస్‌ఏఆర్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#07# డయల్ చేస్తే కనిపిస్తుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో, చట్టపరమైన సమాచారం కింద ఉంటుంది. అమెరికాలో, భారత్‌లో తలకు పరిమితి కిలోకు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం మీద సగటు. ఐరోపాలో 2 వాట్లు, పది గ్రాముల మీద సగటు. కొలిచే తీరే వేరు కాబట్టి ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఎస్‌ఏఆర్ 0.6 ఉన్న ఫోను 1.2 ఉన్నదానికన్నా రెట్టింపు సురక్షితం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ప్రయోగశాలలో ఫోనును పూర్తి శక్తితో నడిపి, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన విలువను ముద్రిస్తారు. రోజువారీ వాడకంలో ఫోను ఆ స్థాయికి అరుదుగానే చేరుతుంది. సిగ్నల్‌ను బాగా పట్టుకునే 1.2 ఫోను, పట్టుకోలేని 0.6 ఫోను కన్నా మీకు తక్కువ తగిలించవచ్చు. రెండు ఫోన్లు మీకు సమానంగా నచ్చి, ఎటూ తేల్చుకోలేకపోతుంటే తక్కువ అంకె ఉన్నది కొనండి. అంతకుమించి దానికి విలువ ఇవ్వనక్కర్లేదు.

పరిమితి దాటితే ప్రభుత్వాలు ఊరుకోవు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ ఐఫోన్ 12 అమ్మకాలను ఆపించింది. చేతిలోనో జేబులోనో ఉన్నప్పటి కొలత పరిమితి 4 వాట్లు కాగా, పరీక్షలో 5.74 వచ్చింది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి సరిదిద్దింది. అందుకే ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వచ్చినప్పుడు వాయిదా వేయకండి.

5. 5జీ భయంతో 2జీకి దిగకండి

నెట్‌వర్క్ సెట్టింగులో 2జీ ఎంచుకుంటే రేడియేషన్ తగ్గుతుందన్న సలహా బాగా తిరుగుతోంది. నిజం తలకిందులు. 900 మెగాహెర్ట్జ్ 2జీ ఫోను గరిష్ఠ శక్తి 2 వాట్లు. ఎనిమిదింట ఒక వంతు సమయమే ప్రసారం చేస్తుంది కాబట్టి సగటు పావు వాటు. అవసరం లేనప్పుడు శక్తి తగ్గించుకోవడంలో కొత్త తరాల ఫోన్లు దానికన్నా చాలా నేర్పుగలవి. సెట్టింగును ఆటోమేటిక్‌లోనే వదిలేయండి. ఏ తరంతో సిగ్నల్ బాగా అందితే ఫోనే దాన్ని ఎంచుకుంటుంది.

6. స్టిక్కర్లు, లాకెట్లు, లోహపు కవర్లు తీసేయండి

స్టిక్కరు నిజంగా తరంగాలను అడ్డుకుంటే ఫోను పనిచేయదు, లేదా పనిచేయడానికి మరింత శక్తి వాడుతుంది. అడ్డుకోకపోతే అది ఉత్త అలంకారం. మూడో దారి లేదు. ఇలాంటి కవచాలు సిగ్నల్‌కు అడ్డుపడి ఫోను మరింత తరంగాలు వెలువరించేలా చేయవచ్చని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ కూడా హెచ్చరించింది.

లాకెట్లయితే మరీ దారుణం. 5జీ నుంచి రక్షిస్తాయని అమ్మిన పది వస్తువులు అణుధార్మికత వెలువరిస్తున్నాయని నెదర్లాండ్స్ అణు భద్రత సంస్థ 2021 డిసెంబరులో ప్రకటించి, వాటిని ధరించవద్దని చెప్పింది. అందులో గొలుసులు, నిద్రపోయేటప్పుడు కళ్లకు కట్టుకునే పట్టీ, పిల్లల కంకణం కూడా ఉన్నాయి. లేని ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి అసలైన ప్రమాదాన్ని మెడలో వేసుకోవడమంటే ఇదే. మీ దగ్గర అలాంటిది ఉంటే వాడటం ఆపి, ఒక డబ్బాలో పెట్టి, ఎలా పారేయాలో మీ ప్రాంతపు అధికారులను అడగండి. మామూలు చెత్తలో వేయకండి.

కవరుకు పరీక్ష సులువు. మొదటి మెట్టులోలాగే ఒకేచోట నిలబడి కవరు ఉన్నప్పుడు, తీసేశాక డీబీఎం చూడండి. మూడు నాలుగుసార్లు మార్చి మార్చి చూసినా కవరుతో అంకె బాగా పడిపోతుంటే ఆ కవరును మార్చండి.

7. పేస్‌మేకర్ ఉన్నవారు, పిల్లలు

పేస్‌మేకర్, ఇతర గుండె పరికరాలు ఉన్నవారు ఫోనును వాటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. చొక్కా జేబు వద్దు. పరికరం ఉన్న వైపు కాకుండా అవతలి చెవితో మాట్లాడాలి. కొన్ని కొత్త ఫోన్లలోనూ, వాటి తీగలేని ఛార్జర్లలోనూ ఉండే అయస్కాంతాలే ఇక్కడ ఎక్కువ చిక్కు తెస్తాయి. మీ పరికరానికి ఎంత దూరం కావాలో మీ వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి.

పిల్లల పుర్రె పలుచన కాబట్టి తరంగాలు ఇంకాస్త లోపలికి వెళ్తాయి. 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్లవారిపై జరిగిన మోబీ-కిడ్స్ అధ్యయనంలో మెదడు కణితుల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అయినా వాళ్ల ముందు చాలా ఏళ్ల వాడకం ఉంది కాబట్టి స్పీకరు అలవాటు చేయడం మంచిదే. పిల్లల విషయంలో తరంగాల కన్నా నిద్ర గురించి ఎక్కువగా ఆలోచించమంటాను.

8. ఫోను దగ్గరుంటే తలనొప్పి వస్తోందా? ఇలా పరీక్షించుకోండి

నొప్పి నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. దానికి తరంగాలే కారణమా అన్నదే ప్రశ్న. మీకు తెలియకుండా జరిగే పరీక్ష ఒక్కటే దీన్ని తేల్చగలదు.

ఇంట్లోవాళ్లను వేరే గదిలో నాణెం ఎగరేయమనండి. బొమ్మ పడితే రెండో ఫోనుకు కాల్ కలిపి ఉంచాలి. బొరుసు పడితే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాలి. శబ్దం, వణుకు, వెలుగు ఏవీ బయటికి తెలియకూడదు. ఫోనును గుడ్డసంచిలో పెట్టి మీకు అర అడుగు దూరంలో ఉంచి, మాట్లాడకుండా వెళ్లిపోవాలి. పది నిమిషాలు కూర్చుని, ఫోను కాల్‌లో 'ఉంది' లేదా 'లేదు' అని మీకు ఏది అనిపిస్తే అది మీ కాగితం మీద రాయండి. వాళ్ల కాగితం మీద వాళ్లు రాసుకుంటారు. రోజుకు రెండు మూడు చొప్పున ఇరవైసార్లు చేయండి. చివరి దాకా రెండు కాగితాలూ పోల్చకూడదు.

గుడ్డిగా ఊహించినా పది దాకా సరిపోతాయి. పదిహేను, అంతకు మించి సరిపోతే గమనించదగ్గ విషయమే. ఉత్త అదృష్టంతో అలా జరిగే అవకాశం వందకు రెండు మాత్రమే. సంచిని తాకితే పరీక్ష చెడిపోతుంది, ఎందుకంటే కాల్‌లో ఉన్న ఫోను వెచ్చబడుతుంది. తెచ్చి ఇచ్చే మనిషి ముఖం చూసినా చెడిపోతుంది. శాస్త్రవేత్తలు ఇదే తీరులో చేసిన పరీక్షల్లో, తరంగాలు తమకు తెలుస్తాయన్నవారు ఊహించినవారి కన్నా మెరుగ్గా చెప్పలేకపోయారు.

మీకూ అలాగే వస్తే మెడ వంచి తెర చూసే భంగిమ, కళ్లద్దాల నంబరు, నిద్ర, ఈ మూడింటినీ చూసుకోండి.

ఫలితం సరిచూసుకోవడం

ఒక వారం తర్వాత ఈ మూడూ చూడండి. కాల్ చిట్టాలో ఎక్కువసేపు మాట్లాడిన అయిదు కాల్స్ తీసుకుని, వాటిలో చెవికి ఆనించి మాట్లాడినవి ఎన్నో గుర్తుచేసుకుని రాయండి. బ్యాటరీ వాడకం వివరాలు తెరవండి. పనేమీ చేయకపోయినా ఒకచోట ఛార్జి గబగబా దిగిపోతుంటే అక్కడ సిగ్నల్ కోసం ఫోను అవస్థపడుతోందేమో డీబీఎం చూడండి. ఇయర్‌ఫోన్‌తో మాట్లాడుతున్నప్పుడు ఫోను ఎక్కడుందో ఒక్కసారి తడుముకోండి. నూటికి తొంభై మందికి అది ఒళ్లోనే దొరుకుతుందని నా అనుమానం.

ఫోనును మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి కాల్ చేసి చూసే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. అది మోగినా మోగకపోయినా ఓవెన్ గురించి గానీ ఫోను గురించి గానీ పనికొచ్చేదేమీ తెలియదు. పొరపాటున ఓవెన్ ఆన్ అయితే మంటలు లేస్తాయి. చేయకండి.

ఒక చెవికే వినికిడి తగ్గుతున్నా, ఒకవైపే హోరు వినిపిస్తున్నా, రోజురోజుకూ పెరిగే తలనొప్పి నిద్రలోంచి లేపుతున్నా, చూపు మసకబారుతున్నా, ఫోను దూరం పెట్టి చూద్దామని వారాలు గడపకండి. వెంటనే వైద్యుడికి చూపించుకోండి. ఫోను ఎన్ని గంటలు వాడతారన్న లెక్క కన్నా ఆ లక్షణం ఎప్పుడు మొదలైందన్న తేదీ ఆయనకు ఎక్కువ ఉపయోగం.